ఇంటి లెక్కల రిపోర్టులకు ఏది మేలు: లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్?

టెక్స్ట్ ఫైల్లో ఇంటి లెక్కలు రాసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, రిపోర్టులకు లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్ అనే ఈ మూడు ప్రోగ్రాముల్లో ఏది వాడాలి అని. ఎంట్రీలు రాయడంలో పెద్ద తేడా లేదు, మూడింటిదీ డబుల్ ఎంట్రీయే, అంటే డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో రెండు వైపులా రాయడం. రాసినవి తిరిగి చూసుకునేటప్పుడే తేడా బయటపడుతుంది.

నేను ముందుగా చూసేది ఒకటే: నెలలన్నీ పక్కపక్కన కనబడాలి. కిరాణా, పెట్రోలు, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు ఒక్కో వరుసలో, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒకే పట్టికలో ఉంటే జూన్‌లో డబ్బు ఎటు పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. హెచ్‌లెడ్జర్‌లో ఇన్‌కమ్‌స్టేట్‌మెంట్ కమాండ్‌కి మంత్లీ ఆప్షన్ కలిపితే ఇదంతా వచ్చేస్తుంది, పైన ఆదాయం, కింద ఖర్చులు, అడుగున మిగులు. మొత్తం, సగటు కావాలంటే ఇంకో రెండు ఆప్షన్లు. దాన్నే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా తీసి ఇంట్లోవాళ్లకు పంపొచ్చు. అంకెలు 12,50,000 అని మన లక్షల పద్ధతిలో కనబడాలన్నా ఫైల్లో ఒక్క లైను రాస్తే సరి. ఒక్క జాగ్రత్త, ముగింపు తేదీ లెక్కలోకి రాదు కాబట్టి ఆర్థిక సంవత్సరానికి 2025 మార్చి 31 అని కాకుండా ఏప్రిల్ 1 అని ఇవ్వాలి, లేదంటే మార్చి 31న పడే బ్యాంకు వడ్డీ రిపోర్టులోకే రాదు.

లెడ్జర్ వీటన్నిటికీ మూలం, జాన్ వీగ్లీ 2003లో మొదలుపెట్టాడు. చాలా వేగంగా పనిచేస్తుంది. కానీ బ్యాలెన్స్ రిపోర్టులో నెలలు పక్కపక్కన రావు, ఆదాయం మైనస్‌లో కనబడుతుంది, అందంగా కావాలంటే ఫార్మాట్లు మనమే రాసుకోవాలి. కొత్తవాళ్లకు నేను చెప్పను.

బీన్‌కౌంట్ సంగతి వేరు. ఖాతాను ముందు ఓపెన్ చేయకపోతే ఎర్రర్ ఇస్తుంది, ఆ కచ్చితత్వం నాకు ఇష్టమే. దాని లెక్కలు చూపించే ఫావా అనే ప్రోగ్రాముతో బ్రౌజర్లో గ్రాఫులు బాగా వస్తాయి, కానీ కమాండ్లు టైప్ చేసే టెర్మినల్లో పట్టిక కావాలంటే డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ భాష లాంటి క్వెరీ రాయాలి, పాత బీన్-రిపోర్ట్ కమాండ్‌ను మూడో వెర్షన్‌లో తీసేశారు కూడా. అయితే మ్యూచువల్ ఫండ్లలో సిప్ కట్టి మధ్యమధ్యలో యూనిట్లు అమ్మేవాళ్లు దీన్నే తీసుకోండి. ఖాతా ఓపెన్ చేసేటప్పుడు FIFO అని పెడితే, ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లాభం తనే తేల్చిపెడుతుంది, ఇందులో హెచ్‌లెడ్జర్ వెనకబడే ఉంది.

జీతం, ఈఎంఐ, ఇంటి ఖర్చులు, ఒకటి రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు మాత్రమే ఉంటే హెచ్‌లెడ్జర్‌తో మొదలుపెట్టండి. ఇప్పటికే లెడ్జర్‌లో రాస్తున్నవాళ్ల ఫైలును హెచ్‌లెడ్జర్ చాలావరకు అలాగే చదువుతుంది, ఇవాళే ఒక రిపోర్టు తీసి చూడొచ్చు.