తొట్టిలో అడవిపిల్ల: నార్వే చిత్రం ‘తాలె’

శవాన్ని తీసుకుపోయిన తరువాత ఆ ఇంటిని ఎవరు కడుగుతారన్న ప్రశ్న మన దెయ్యం సినిమాలలో ఎవరికీ తట్టదు. 2012లో వచ్చిన ‘తాలె’ అనే నార్వే చిత్రం సరిగ్గా ఆ పనితోనే మొదలవుతుంది. లియో అనే మితభాషి అలాంటి చోట్లను శుభ్రం చేసే వ్యాపారం నడుపుతుంటాడు. అతనికి సాయంగా వచ్చిన స్నేహితుడు ఎల్విస్ ఆ వాసనకు తట్టుకోలేక మొదట్లోనే వాంతి చేసుకుంటూ కనిపిస్తాడు. అడవిలో ఒంటరిగా బతికి చనిపోయిన ఒక ముసలివాడి అవశేషాలను ఏరడానికి వెళ్లిన ఈ ఇద్దరికీ ఆ ఇంటి కింద ఒక నేలమాళిగ, అందులో పాత సామాను, ఒక టేపురికార్డరు, పాలలాంటి తెల్లని ద్రవంతో నిండిన ఒక స్నానపు తొట్టి కనిపిస్తాయి. ఆ తొట్టిలోనుంచి ఊపిరి కోసం తన్నుకుంటూ ఒక యువతి పైకి లేస్తుంది. ఆమె నోట మాట రాదు. ఆమే తాలె. (ఆ పేరు వినగానే తెలుగువాడికి తాళం గుర్తుకు వస్తుంది, మూసిన గదిలో దాచిన పిల్ల కథకు అంతకన్న తగిన పేరు మనమైనా పెట్టలేము.)

చిత్రానికి రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు అన్నీ అలెక్సాండర్ నోర్డోస్ ఒక్కడే చేసుకున్నాడు. డబ్బు లేదన్న సంగతి ప్రతి దృశ్యంలోనూ తెలుస్తూనే ఉంటుంది. అయితే మొదటి నలభై నిమిషాల వరకు ఆ లేమి చిత్రానికి మేలే చేసింది. పాత్రలు ఎక్కడికీ పోలేరు కనుక కథ ఆ నేలమాళిగలోనే కూర్చుంటుంది, కెమెరా ముఖాల దగ్గరే ఆగుతుంది, వెలుతురు చాలనందువల్ల గది మూలలు మనం ఊహించుకోవడానికే మిగిలిపోతాయి. బయట అడవిలో ఏదో తిరుగుతోందన్న సంగతి మొదట చెవికి తెలుస్తుంది, కంటికి చాలాసేపటి వరకు తెలియదు.

తాలె ఎవరన్నది తెలియాలంటే నార్వే పల్లెల హుల్డ్రా కథలు కొంచెం తెలిసి ఉండాలి. హుల్డ్రా అడవిలో ఉండే స్త్రీ. ముందునుంచి చూస్తే మహా సౌందర్యవతి. వెనుక మాత్రం ఆవుతోక వేలాడుతుంటుంది, కొన్ని కథలలో వీపు పుచ్చిపోయిన చెట్టు మానులా డొల్లగా ఉంటుంది. క్రైస్తవ పద్ధతిలో గుడిలో పెళ్లాడితే ఆ తోక రాలిపోతుందని చెబుతారు. అలా పెళ్లాడి వచ్చినదానిని మొగుడు చిన్నచూపు చూస్తుంటే, ఒకనాడు ఆమె గుర్రపు నాడాను వట్టి చేతులతో నిటారుగా సాగదీసి చూపించిందనీ, ఆనాటినుంచి అతడు నోరెత్తలేదనీ ఒక కథ ఉంది. హుల్డ్రా అనే మాటకు మూలార్థం కప్పబడినది, దాగినది అని. ఈ జాతి పుట్టుక గురించి చెప్పే కథ ఇంకా బాగుంటుంది: దేవుడు చూడటానికి వచ్చేసరికి ఆదిమాత హవ్వ తన పిల్లలలో కొందరికే స్నానం చేయించగలిగిందట, మురికిగా ఉన్న మిగతావారిని సిగ్గుపడి దాచేసిందట, నీవు నానుంచి దాచినవాళ్లు లోకంనుంచీ దాగే ఉంటారని దేవుడు అన్నాడట. ఆ దాగిన పిల్లల సంతానమే ఈ అడవి మనుషులు. స్నానం చేయించని బిడ్డ వంశానికి చెందిన తాలెను దర్శకుడు స్నానపు తొట్టిలోనుంచి లేపడం తెలిసి చేసినదో కాదో గానీ, ఆ కథ తెలిసినవారికి ఆ దృశ్యం రెండింతల బరువుతో తగులుతుంది.

మన ఊళ్లలో దెయ్యాన్ని గుర్తుపట్టాలంటే పాదాలు చూడమంటారు, అవి వెనక్కి తిరిగి ఉంటాయని. నార్వేవారు వీపు చూడమంటారు. రెండు చోట్లా ముఖాన్ని నమ్మవద్దనే చెప్పారు. అయితే మన మోహినులు మగవాణ్ణి వలలో వేసుకొని చంపడానికే పుట్టినట్లు తెరమీద కనిపిస్తారు, ఈ చిత్రంలో మాత్రం భయపెట్టవలసిన ప్రాణి తానే భయపడుతూ ఉంటుంది. తాలెగా నటించిన సిల్యే రెయినోమోకు సంభాషణలు లేకపోయినా, మెడ తిప్పే తీరులో పశువు అప్రమత్తత, చూపులో పసిపిల్ల కుతూహలం రెండూ పలికించింది. ఆమె తోకను కోసి ఫ్రిజ్‌లో దాచి ఉంచిన సంగతి బయటపడినప్పుడు నాకు కలిగిన జుగుప్స ఆ అడవి జాతి మీద కాదు, ఈ ఇంటి మీద. ఆమెను దాచి పెంచిన ఆ ముసలివాడు ప్రేమతోనే కోశాడా అన్న అనుమానాన్ని చిత్రం తొందరపడి తీర్చదు.

ఆ ముసలివాడు కథ మొదలయ్యేసరికే చనిపోయాడు. అయినా టేపురికార్డరు నోట మాట్లాడుతూనే ఉంటాడు. ఈ భాగమే నన్ను ఎక్కువగా పట్టుకున్నది, అందుకు కారణం మా ప్రాంతం. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, వారపు సంతలో సవర వినిపించే పర్లాకిమిడి మాది. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినా, మహేంద్రగిరి చుట్టుపక్కల కొండలమీది సవర పల్లెలకు ఆ సరిహద్దు గీతతో పని లేదు. చనిపోయినవారు సోనుంగా, అంటే ఆత్మగా మారి, కురన్‌బోయి అని పిలిచే పూజారిణి నోట మాట్లాడతారని, బతికున్నవారితో తగవులు పడతారని, తమకు జరిగినదంతా చెప్పుకుంటారని సవరల నమ్మకం; మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన పుస్తకంలో దీనిని విస్తారంగా రాశాడు. ఆ ఆచారం గురించి విన్నవారికి ‘తాలె’లో టేపు తిరుగుతుంటే పుట్టే నిశ్శబ్దం కొత్తది కాదు. చచ్చినవాడు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు, బతికున్నవారు తీర్పు చెప్పలేక వింటున్నారు. 1840లలో ఆస్బ్యోర్న్‌సెన్, మూ అనే ఇద్దరు మిత్రులు రైతుల నోట విని నార్వే జానపద కథలను అచ్చుకెక్కించకపోతే ఈ సినిమాకు ఆధారమే ఉండేది కాదు. సవర భాష నేర్చుకొని వారి పాటలను, కథలను సేకరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊళ్లోనే కూర్చొని దీన్ని చూస్తుంటే, మన కొండల కథలకు ఇలాంటి చిన్న సినిమా ఒక్కటైనా ఎందుకు రాలేదన్న ఈర్ష్య కలగకపోలేదు.

ఇక లోపాల సంగతి. చిత్రం పేరులోని పిల్ల ఏ జాతిదో ఆ జాతి పేరుకు అర్థమే దాగినదని అయినప్పుడు, దర్శకుడు చివరివరకు దాచి ఉంచవలసింది. చివరి అరగంటలో అడవిలోని తక్కిన హుల్డ్రాలను కంప్యూటర్ బొమ్మలుగా చూపించాడు. అవి పరుగెత్తుతుంటే నేలకు బరువు తెలియదు, చెట్లమధ్య వెలుతురు వాటిమీద పడదు. అంతవరకు చెవులతో కట్టిన భయం కంటితో చూడగానే పలచబడిపోయింది. తాలెను వెతుక్కుంటూ ఆయుధాలతో వచ్చే మనుషుల భాగం అంతకన్న బలహీనం. వారు ఎవరో, ఏ అధికారంతో వచ్చారో కథకు పట్టదు, అటువంటివారు వందల సినిమాలలో ఇలాగే వచ్చి ఇలాగే పోయారు. రెండు మగ పాత్రలకూ చెరొక సొంత దుఃఖం అంటగట్టి, వాటిని ఆఖరున చకచకా తేల్చేయడం కూడా అతికించినట్లుంది. అయినా లియోగా యోన్ సిగ్వె స్కార్డ్, ఎల్విస్‌గా ఎర్లెండ్ నెర్వోల్డ్ మధ్య నడిచే పొడిపొడి హాస్యం కథను నిలబెట్టింది. ఎంత ఘోరం ఎదురైనా లియో ముఖంలో గీత కదలకపోవడం మన ఊళ్లో శ్మశానం పనులకు ముందుండే పెద్దమనిషిని గుర్తుకు తెస్తుంది.

నిడివి గంటా పావుకు కాస్త పైన మాత్రమే. నగ్నత్వం, ఛిద్రమైన శరీర భాగాలు ఉన్నాయి కనుక పిల్లలతో కలిసి చూడదగినది కాదు. సంభాషణలు నార్వే భాషలో సాగుతాయి, నేను ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశాను. శబ్దమే ప్రధానం కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, దీపాలు ఆర్పి చూడాలి. నేను మాత్రం వాన పడుతున్న రాత్రి ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకొని, పక్కన అమ్మ ఉండగా చూశాను. తొట్టిలోనుంచి పిల్ల లేచినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. అమ్మ మాత్రం, “అలా గుడ్లప్పగించి చూస్తారేటర్రా, ముందు దానికో గుడ్డ కప్పండి” అని తెరమీది ఆ ఇద్దరినీ కసిరింది. ఆయుధాలవాళ్లు దిగేసరికి ఆమె నిద్రపోయింది. ఆ భాగం తప్పిపోయినందుకు ఆమె నష్టపోయిందేమీ లేదు. మర్నాడు పొద్దున పాలగిన్నె పెట్టడానికి ఫ్రిజ్ తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, “ఒరే, ఆ తోక మళ్లీ దానికి ఇచ్చేసేరేటి?” అని అడిగింది.