కటికా, చాపరాయా? జలపాతం దగ్గర మోడల్ షూట్‌కి ఏది మేలు?

వైజాగ్‌లో అవుట్‌డోర్ షూట్ అంటే మొదట బీచే. రుషికొండ, యారాడ, భీమిలి రోడ్డు పొడవునా ఉన్న రాళ్లు. ఆ ఫోటోలన్నీ అయిపోయాక ప్రతి మోడలూ అడిగేది ఒకటే మాట: "అన్నయ్యా, ఈసారి వాటర్‌ఫాల్స్ దగ్గర చేద్దామా?" సరే అన్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ వాటర్‌ఫాల్స్?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అరకు, అనంతగిరి, బొర్రా అన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద ఎటు వెళ్తేనేం, తెల్లవారుజామున కెమెరా బ్యాగు డిక్కీలో వేసుకుని పెందుర్తి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కే వైజాగ్ వాళ్లకి అవి ఇంకా మనవే. ఆ దారిలో నేను ఎక్కువగా షూట్ చేసినవి రెండు: బొర్రా దగ్గరి కటికి, డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి. రెండూ జలపాతాలే అంటారు గానీ, ఫోటో తీసేవాడికి వాటి మధ్య పోలికే లేదు.

కటికి నిలువు జలపాతం. గోస్తనీ నీళ్లు కొండ మీంచి నిటారుగా పడతాయి. భీమిలి దగ్గర సముద్రంలో కలిసేదీ ఈ గోస్తనే. వైజాగ్ నుంచి బొర్రా తొంభై కిలోమీటర్లు. అక్కడి నుంచి జీపు, జీపు దిగాక నడక. ట్రైపాడ్, రిఫ్లెక్టర్, మోడల్ బట్టల సూట్‌కేసు, వాళ్లమ్మగారి టిఫిన్ క్యారియర్, ఇవన్నీ మోసుకుని ఆ దారిలో వెళ్లాలి. మొదటిసారి నేను రెండు లైట్ స్టాండ్లు కూడా పట్టుకెళ్లాను. ఒక్కటి కూడా బ్యాగులోంచి తియ్యలేదు.

అక్కడ లైటు మాత్రం బంగారం. చుట్టూ చెట్లు, వెనక రాతి గోడ. మొహం మీద గట్టి నీడలు పడవు, కళ్ల కింద గుంటలు కనబడవు. కానీ అందులోనే ఒక తిరకాసు ఉంది. పైనుంచి పడే నీళ్ల మీద ఆకాశం వెలుగు నేరుగా పడుతుంది, కింద నిలబడ్డ అమ్మాయి నీడలో ఉంటుంది. మొహానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) పెడితే నీళ్లు తెల్ల కాగితంలా కాలిపోతాయి. నా మొదటి షూట్‌లో జరిగింది ఇదే. కెమెరా స్క్రీన్ మీద చూసి మురిసిపోయాను. ఇంటికొచ్చి మానిటర్ మీద చూస్తే జలపాతం ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడ ఉంది. ఇప్పుడు హైలైట్ వార్నింగ్ (మరీ తెల్లబడిన చోట్లు స్క్రీన్ మీద మిణుకుమనేది) ఆన్ చేసి, నీళ్లకి ఎక్స్‌పోజర్ పెట్టి, రిఫ్లెక్టర్‌తో మొహం మీదికి వెలుగు తిప్పుతాను. తెల్ల రిఫ్లెక్టర్ చాలు. వెండి రంగుది పెడితే తడి చెంపలు నూనె రాసుకున్నట్టు మెరుస్తాయి.

ఇంకో సంగతి, ఆకుల పచ్చదనం చర్మం మీద పడుతుంది. చామనఛాయ మొహం మీద అది జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. రంగుల్ని కెమెరాయే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌ని నమ్మకుండా, మొదటి ఫ్రేమ్‌లో మోడల్ చేతికి గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) ఇచ్చి ఒక షాట్ తీసి పెట్టుకుంటే ఎడిటింగ్‌లో గంట మిగులుతుంది.

కటికిలో అందరూ చేసే పొరపాటు మొత్తం జలపాతాన్ని ఫ్రేమ్‌లో పెట్టాలనుకోవడం. అలా పెడితే మోడల్ అగ్గిపుల్లంత అవుతుంది. టూరిస్టు ఫోటోకి అది బాగుంటుంది, పోర్ట్‌ఫోలియోకి పనికిరాదు. దూరాన్ని దగ్గరికి లాగే 85 ఎంఎం లెన్స్ వేసుకుని వెనక్కి జరిగి, పడే నీళ్లలో కింది భాగం మాత్రం తీసుకుంటే వెనకంతా తెల్లటి తెరలా నిండిపోతుంది. వానాకాలంలో అయితే నీటి తుంపర గాలికి నేరుగా లెన్స్ మీదికే వస్తుంది. నేను జేబులో నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు పెట్టుకుంటాను. మధ్యాహ్నానికి నాలుగూ తడిసిపోతాయి.

చాపరాయి అలా కాదు. ఇక్కడ నీళ్లు పడవు, జారుతాయి. వెడల్పాటి రాతి పలక వాలుగా పరుచుకుని ఉంటే దాని మీంచి పల్చగా పారుతుంటాయి. అరకు దాటి ఇంకో పదిహేను కిలోమీటర్లు, మొత్తం మీద వైజాగ్ నుంచి నూట ముప్పై వరకూ వేసుకోవచ్చు. దూరం ఎక్కువైనా కారు దిగాక మోత తక్కువ.

ఇక్కడి లాభం ఏమిటంటే మోడల్‌కి చోటు ఉంటుంది. కటికిలో ఒకటో రెండో రాళ్లు, వాటి మీదే నిలబడాలి, చుట్టూ టూరిస్టులు. ఇక్కడ కూర్చోవచ్చు, పక్కకి ఒరగవచ్చు, పాదాలు నీళ్లలో పెట్టి నడవవచ్చు. కొత్త మోడల్‌కి ఇది చాలా పెద్ద తేడా. నిలబడి ఏం చెయ్యాలో తెలియని అమ్మాయికి కూర్చోమని చెప్పి, చెయ్యి నీళ్లలో పెట్టి ఆడించమంటే, భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. నేను రాయికి దాదాపు ఆనుకుని, వెడల్పుగా చూపే 35 ఎంఎం లెన్స్‌తో తీస్తే నీటి గీతలన్నీ ఆమె వైపే పరుగెడుతున్నట్టు వస్తాయి.

నష్టం ఎండ. పైన నీడ లేదు. పదింటి తర్వాత రాయి అద్దంలా మెరుస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ లేకుండా అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. అది తిప్పితే తడి రాయి మీది మెరుపు పోయి కింద ఉన్న గోధుమ రంగు బయటికొస్తుంది. అయితే ఒకటిన్నర, రెండు స్టాప్‌ల వెలుగు తినేస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుగు సగానికి తగ్గడం). ఇంకా పూర్తిగా తిప్పేస్తే చర్మం మీది సహజమైన తడి మెరుపు కూడా పోతుంది. సగం తిప్పి ఆపాలి.

నీళ్లు పాలలా రావాలంటే షటర్ దాదాపు సెకనులో నాలుగో వంతు సేపు తెరుచుకుని ఉండాలి. కటికి నీడలో ఎఫ్/11 (లెన్స్ రంధ్రం చిన్నగా), ఐఎస్‌ఓ 100 (వెలుగు పట్టే శక్తి తక్కువగా), పోలరైజర్ కలిపితే అది దానంతటదే వస్తుంది. చాపరాయిలో ఎండలో అయితే వెలుగుని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. అంతసేపు మోడల్ కదలకుండా ఉండటం ఎక్కడైనా కష్టమే. ఊపిరి బిగబట్టినా చీర కొంగు ఊరుకోదు కదా. అందుకని ట్రైపాడ్ కదపకుండా రెండు ఫ్రేములు తీస్తాను. ఒకటి మోడల్ కోసం 1/200 సెకనులో, రెండోది నీళ్ల కోసం అర సెకనులో. తర్వాత రెండూ కలపడం. దీన్ని మోసం అనే సీనియర్లు ఉన్నారు. వాళ్ల ఆల్బమ్‌ల్లో ఆకాశం ఎప్పుడూ ఒకే రంగులో ఎందుకుంటుందో నేను అడగలేదు.

ఇక పాకుడు. ఈ విషయంలో రెండు చోట్లా రాజీ లేదు, కానీ చాపరాయి ఎక్కువ మోసం చేస్తుంది. నీళ్లు మడమల దాకే కదా అనిపిస్తుంది. నున్నటి వాలు రాయి మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కిందికి వెళ్తే లోతు. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. ఒకసారి నా అసిస్టెంట్ రిఫ్లెక్టర్‌తో సహా పది అడుగులు జారాడు. గాలికి అది తెరచాపలా లాగింది. అదృష్టం, మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. అప్పట్నుంచి మోడల్ నిలబడే చోట ముందు నేను చెప్పుల్లేకుండా నిలబడి చూస్తాను. నాకు కాలు ఆనకపోతే ఆ ఫ్రేమ్ లేదు. హీల్స్ షాట్లు కారు దగ్గర.

పైన కొండల్లో వాన పడితే కింద మనకి తెలియదు. కటికి దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చే పెద్దావిడ ఒకావిడ ఓసారి మమ్మల్ని పిలిచి మరీ చెప్పింది: "బాబూ, నీళ్ల రంగు మారుతోంది, ఆ పిల్లని ఇవతలకి రమ్మను." చూస్తే నిజమే, తెల్లటి నీళ్లలో ఎర్రమట్టి చార. అరగంటలో మేం నిలబడ్డ రాయి కనబడలేదు.

బట్టల సంగతి వెళ్లకముందే తేల్చుకోవాలి. తెల్ల కాటన్, పల్చటి జార్జెట్ తడిస్తే ఏమవుతుందో మోడల్‌కి ముందే చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే. ముదురు ఎరుపు, ఆవాల పసుపు పచ్చదనం మధ్య బాగా నిలబడతాయి. ఆకుపచ్చ చీర కలిసిపోతుంది. బట్టలు మార్చుకోవడానికి చోటు దొరుకుతుందని నమ్ముకోకుండా మడత టెంట్ ఒకటి పట్టుకెళ్లండి. ఇంట్లోంచి ఒక ఆడమనిషి వెంట వస్తే మోడల్‌కి టెన్షన్ సగం తగ్గుతుంది, మనకీ తగ్గుతుంది.

ఉదయం కిరండూల్ ట్రైన్‌లో వెళ్దాం, సరదాగా ఉంటుందని చాలామంది అంటారు. సరదాకి సందేహం లేదు. కానీ బొర్రా చేరేసరికి పది ప్రాంతం, లైటు పోయినట్టే. కారులో వెళ్తే ఏసీ ఆపి, కిటికీలు దించుకుని చివరి అరగంట వెళ్లండి. చల్లబడ్డ లెన్స్‌ని ఆ తేమ గాలిలోకి తీస్తే అద్దమంతా మసకబారిపోతుంది, ఇరవై నిమిషాలు కూర్చోవాల్సిందే.

తాటిగుడ జలపాతం సంగతీ అడుగుతుంటారు. వానలు తగ్గాక పల్చబడిపోతుంది, సెప్టెంబరులో అయితే వెళ్లొచ్చు. జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం చాలా బాగుంటుంది గానీ ఒక్కరోజులో వెళ్లి షూట్ చేసి రావడం అంటే మోడల్ మొహంలో అలసట కనబడుతుంది.

కాబట్టి నా ఓటు: మొదటి పోర్ట్‌ఫోలియో అయితే చాపరాయి. ముందురోజు రాత్రి అరకులో దిగి, పొద్దున్న ఎన్నింటికి లోపలికి వదులుతారో, కెమెరాకి ఏం కట్టాలో కనుక్కుని, తొమ్మిదిన్నరకల్లా ముగించాలి. ఆదివారం వద్దు. కార్తీకమాసంలో అయితే ఏ వారమైనా వద్దు, వనభోజనాల బ్యాచ్‌లు ఫ్రేమ్ నిండా ఉంటాయి. అనుభవం ఉన్న మోడల్, ఒకే డ్రెస్సు, గోడ మీద పెట్టుకునే ఒక్క ఫోటో కావాలంటే మాత్రం కటికి, అదీ అక్టోబరులో మబ్బు పట్టిన రోజు.

వచ్చే వారం గాజువాక నుంచి ఒక అమ్మాయి షూట్ ఉంది. మంగళవారం, చాపరాయి అని చెప్పాను. లెన్సులూ లైటూ అన్నీ వివరించాక వాళ్లమ్మగారు ఒక్కటే అడిగారు: "బొంగులో చికెన్ దొరుకుతుందా బాబూ?"

దొరుకుతుందండీ. షూట్ అయ్యాక.