ముత్తాత పెళ్లి కాగితం అని దొంగ కాగితం అంటగట్టాడు: నేటాల్ రికార్డులు వెతికేవాళ్లు జాగ్రత్త

ఫేస్‌బుక్‌లో "మీ తాతముత్తాతల్ని మేం వెతికిపెడతాం" అని వీడియోలు పెడుతుంటాడు చూడండి, వెనకాల పాత ఓడ బొమ్మ, ఆయనే. పేరు రాయను, చూసినవాళ్లకి తెలుసు. ఇరవై రెండు వేలు గుంజి, ప్రింటర్ మీద తీసిన కాగితం నా చేతిలో పెట్టాడు. ఒళ్లు మండిపోతోంది, రాతలో అటూఇటూ అయితే సర్దుకోండి.

మాది టెక్కలి వైపు. ముత్తాత మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి నేటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఉంది) వెళ్లాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. కూలి ఒప్పందం గడువు అయ్యాక ఏటా మూడు పౌన్ల తలపన్ను కట్టలేక పెళ్లాంపిల్లలతో తిరిగొచ్చేశాడు. మా పెద్దత్త చెప్పే కథ ఇంతే. ఊళ్లో మాత్రం "అది పెళ్లా పాడా, ఓడలో తగులుకుంది" అని ముత్తవ్వ గురించి ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అత్తకి ఎనభై దాటాయి. ఆ నోళ్లు మూయించే కాగితం ఒక్కటి దొరికితే చాలని ఆవిడ ఆశ. నిజానికి ఆ దేశంలో మనవాళ్ల పెళ్లిళ్లకి ఎప్పుడూ తంటాయే. తాళి కట్టినంత మాత్రాన చాలదు, రిజిస్టరులోకి ఎక్కాలి. 1913 మార్చిలో కేప్ కోర్టు జడ్జి సర్ల్ ఇచ్చిన తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లే చెల్లవన్నట్టు అయింది. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగి జైళ్లకి వెళ్లడానికి అదో పెద్ద కారణం. 1914లో కొత్త చట్టం వచ్చాక గానీ ఆ గొడవ తీరలేదు. అందుకే మాకు ఆ కాగితం అంత ముఖ్యం, ఆయనకి ఈ సంగతంతా నేనే పూసగుచ్చినట్టు చెప్పాను. దొంగకి తాళంచెవి ఇచ్చి గది కూడా చూపించడం అంటే ఇదే.

మొదట ఏడు వేలు తీసుకుని ఓడ జాబితాలో ముత్తాత వివరాలు పంపాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, గంజాం జిల్లా, ఊరు, కొలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి అక్కడి సర్కారు ఇచ్చిన నంబరు). అది నిజమైనదే. కాకపోతే ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది! 1860 నుంచి 1911 దాకా నేటాల్ వెళ్లిన 1,52,000 మందికి పైగా మనుషుల జాబితాలు ఎవరైనా చూసుకోవచ్చు. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. అది చూసి నేను ఉబ్బితబ్బిబ్బయిన సమయంలోనే అసలు వల వేశాడు: "మేడమ్, పెళ్లి సర్టిఫికెట్ కూడా దొరికింది, ఇంకో పదిహేను వేలు."

కొరియర్‌లో వచ్చింది. టీరంగు కాగితం, అంచులు కాల్చినట్టు నల్లగా, మూల మీద పెద్ద మరక. అత్త కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. పక్కింటివాళ్లని పిలిచి చూపించింది. సాయంత్రం నేను ఫోటో తీద్దామని కిందికి దింపి చూస్తే ఆ మరక వేలికి నున్నగా తగిలింది. ప్రింటు చేసిన మరక! ఓడ పాసు అంటూ జతచేసిన రెండో కాగితం మీదా అదే మూల, అదే మరక. ఇక చదవడం మొదలుపెట్టాను. తేదీ 1897. పెళ్లికొడుకుది "శ్రీకాకుళం జిల్లా". పైన "దక్షిణాఫ్రికా ప్రభుత్వం". మా వైపు 1936 దాకా గంజాం జిల్లా, ఆ తరవాత విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో. దొరలు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుకున్నారు. 1897లో నేటాల్ ఒక విడి కాలనీ, దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడింది 1910లో. ఓడ జాబితాలో గంజాం అని ఆయన పంపిందే, కనీసం అది చూసి రాయొద్దా?

ఫోన్ చేశాను. "పాత పేర్లు జనానికి అర్థం కావని మేమే మార్చాం" అన్నాడు. మార్చినది ఒరిజినల్ ఎలా అవుతుందండీ అన్నాను. నవ్వాడు. నవ్వి అన్న మాట ఇది: "మేడమ్, మీ ముత్తాతేమన్నా మహారాజా? కూలోడి పెళ్లికి కాగితం ఎవడు దాస్తాడు? మీ అత్తగారు సంతోషపడ్డారుగా, ఇంక వదిలెయ్యండి." ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం అరగడం లేదు. కూలోడికే దాచారయ్యా మహానుభావా! ఎవరు ఏ ఓడెక్కారు, ఏ తోటకి ఎవరి కింద వెళ్లారు, ఒంటి మీద మచ్చ ఎక్కడుంది, అన్నీ రాశారు. ప్రేమతో కాదు, పని రాబట్టుకోవడానికి.

అత్తకి చెప్పక తప్పలేదు. కాసేపు చూసి "ఇలా ఇవ్వు, వెనక తెల్లగానే ఉంది, పాల పద్దు రాసుకుంటాను" అంది. ఇవ్వలేదు, పోలీసులకి కావాలి.

వెతికేవాళ్లకి రెండు ముక్కలు. ఓడ జాబితాల్లో మన ఇంటిపేర్లు ఉండవు, పేరు, తండ్రి పేరు, ఊరు పట్టుకుని ఇంగ్లీషు స్పెల్లింగు ఎన్ని రకాలుగా ఉండొచ్చో అన్ని రకాలుగా కొట్టి చూడండి. పీటర్‌మారిట్జ్‌బర్గ్, డర్బన్ ఆర్కైవ్స్ ఫైళ్ల సూచిక కూడా ఇంటర్నెట్‌లో ఉచితమే. ఎవరైనా కాగితం దొరికిందంటే ఏ ఆర్కైవ్, ఏ ఫైలు, ఏ పేజీ అని అడిగి, అది సరిచూసుకున్నాకే డబ్బు సంగతి మాట్లాడండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లు యూపీఐ రసీదు, చాట్ చెరిపేయకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, నేను ఇచ్చాను. అదే మనిషి అయితే నాకు మెసేజ్ పెట్టండి, మీ కాగితం మీద కూడా ఆ మరకే ఉందేమో చూద్దాం.