పాత మార్టిన్ 000-18 గిటార్: విశాఖలో కొనేముందు

పద్నాలుగు ఫ్రెట్ల (నెక్, అంటే మెడ, మీది లోహపు అడ్డపట్టీలు; పద్నాలుగో దాని దగ్గర నెక్ బాడీని కలుస్తుంది) 000 సైజు బాడీ కింది వెడల్పు 15 అంగుళాలు, లోతు సుమారు 4⅛. డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీకైతే 15⅝, 4⅞. లోతు తక్కువ కాబట్టి బేస్ ముంచెత్తదు, వేళ్లతో మీటితే ఒక్కో తీగా విడిగా పలుకుతుంది. గొంతుకు తోడుగా వాయించేవాళ్లకు ఇంతకన్నా మంచి బాడీ లేదనే అంటాను. పన్నెండు ఫ్రెట్ల పాత రకానికి బాడీ మరో అంగుళం పొడవు.

అయితే విశాఖ సముద్రపు తేమకు పైచెక్క ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. ఫ్రెట్ల మీద స్టీలు స్కేలు ఆనించండి. దాని కొస బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు బిగించే చెక్కముక్క) పై అంచుకు చేరాలి. బాగా దిగువన తగిలితే నెక్ రీసెట్ (నెక్ ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అతకడం) తప్పదు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరితే జిగురు వదిలినట్టే. 1985కు ముందువాటిలో తిప్పి సరిచేసే ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) ఉండదు, నెక్ వంపు తప్పక చూడాలి. కేసులో తేమ 45-55 శాతం మధ్య ఉంచండి.