"ఆర్టిస్ట్ గ్రేడ్ ఇంప్రెషనిస్ట్ ఆయిల్ కిట్" అని కనిపిస్తే కాస్త ఆగండి

ఆయిల్ పెయింటింగ్ మొదలెట్టేవాళ్ళని టార్గెట్ చేసి, ఆర్టిస్ట్ గ్రేడ్ (అంటే ప్రొఫెషనల్స్ వాడే మేలురకం) అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక కిట్ బాగా తిప్పుతున్నారు, డబ్బా మీద ఫ్రెంచ్ ఇంప్రెషనిస్ట్ పెయింటర్ మోనే తామరకొలను బొమ్మ, లోపల 24 ట్యూబులు, కాన్వాస్ బోర్డులు, రంగు పలచన చేసుకునే టర్పెంటైన్ సీసా. రేటేమీ తక్కువ కాదు. సెల్లర్ పేరు రాయట్లేదు, రాసినా లాభం లేదు, ఎందుకో చివర్లో చెప్తా.

రాజమండ్రి కోటిలింగాల రేవులో పొద్దున్నే మంచులో గోదావరి వేద్దామని కూర్చున్నా. కోబాల్ట్ బ్లూ మూత తియ్యగానే రంగు కంటే ముందు పసుపు నూనె కారింది. కొంచెం నూనె తేరడం మంచి బ్రాండ్లలో కూడా ఉంటుంది, దానికి గొడవ లేదు, కానీ ఇది ఆగట్లేదు. అడుగున ఉన్న పేస్ట్‌ని నైఫ్‌తో ముద్దగా పెడితే కాసేపటికి ఇడ్లీ పిండిలా పరుచుకుపోయింది. ఇంప్రెషనిస్ట్ స్టైల్‌లో, అంటే వెలుగుని విడివిడి స్ట్రోకులతో పట్టే పద్ధతిలో, పనంతా ఆ ముద్ద స్ట్రోక్‌లోనే ఉంది కదండీ, తడి మీద తడి వేసుకుంటూ పోతాం, పైన పెట్టిన పసుపు కింద నీలంతో కలవకుండా విడిగా మెరవాలి, అప్పుడే నీళ్ళ మీద ఎండ కనబడుతుంది. ఇక్కడ ఏది పెట్టినా కిందదాంతో కలిసి బురదే. నీడలకి నలుపు వాడకుండా అల్ట్రామెరైన్ నీలంలో క్రిమ్సన్ ఎరుపు కలిపి ఊదా చేద్దామంటే అదీ చచ్చిన బూడిద రంగే వచ్చింది, నిండా సుద్ద లాంటి ఫిల్లర్ కొట్టేశారని నా అనుమానం.

అసలు పట్టుకోవాల్సింది ట్యూబ్ వెనకాల. మంచి కంపెనీ ఏదైనా పిగ్మెంట్ కోడ్, అంటే లోపల ఏ రంగు పొడి వాడారో చెప్పే గుర్తు, వేస్తుంది: అసలు కోబాల్ట్ బ్లూ అయితే పీబీ28, అల్ట్రామెరైన్ పీబీ29, టైటానియం వైట్ పీడబ్ల్యూ6, విరిడియన్ ఆకుపచ్చ పీజీ18. పేరు పక్కన "హ్యూ" అని ఉంటే వేరే చవక పిగ్మెంట్లతో ఆ రంగుకి దగ్గరగా చేసింది అని, అది మోసం కాదు, స్టూడెంట్ రంగుల్లో మామూలే, నేర్చుకోడానికి హాయిగా వాడుకోవచ్చు. ఏమీ రాయకుండా ఆర్టిస్ట్ గ్రేడ్ అనడమే మోసం. ఇంకోటి, నిజం కోబాల్ట్, కాడ్మియం ఖరీదు, అందుకే ఆర్టిస్ట్ గ్రేడ్‌లో సిరీస్ నంబర్లు పెట్టి రంగుకో రేటు ఉంటుంది. అన్ని రంగులూ ఒకే రేటంటే అక్కడే డౌట్ పడండి.

కోడ్ లేకపోతే రంగు ఎన్నాళ్ళుంటుందో కూడా తెలీదు. మోనే తోటి ఇంప్రెషనిస్ట్ పెయింటర్ రెన్వార్ 1883లో వేసిన మదాం క్లాపిసన్ బొమ్మలో వెనకాల ఎరుపు వెలిసిపోయింది, ఫ్రేమ్ కింద దాగిన అంచులో మాత్రం అలాగే ఉందని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బయటపెట్టారు. ఆయనకే అలా అయితే, పేరూ ఊరూ లేని ఈ ఎరుపు సంగతి మీరే ఊహించుకోండి.

బోర్డులు ఇంకా ఘోరం. రెండోరోజు వెనక్కి తిప్పితే నూనె మరకలు, అంటే నూనె దిగకుండా గుడ్డ మీద పూసే ప్రైమర్ సరిగ్గా పూయలేదు, నూనె గుడ్డలోకి దిగితే అది మెల్లగా పాడైపోతుంది. ఇప్పటికే కొనుంటే రంగు పెట్టేముందు రెండు కోట్లు గెస్సో (ప్రైమర్‌గా పూసే తెల్ల పూత) వేసుకోండి. ఇక డిస్టిల్డ్ టర్పెంటైన్ అని రాసిన సీసా మూత తీస్తే గుప్పున కిరసనాయిలు వాసన.

రిటర్న్ అడిగితే "ట్యూబ్ ఓపెన్ చేశారు కాబట్టి కుదరదు" అన్నారు, ఓపెన్ చెయ్యకుండా లోపలేముందో ఎలా తెలుస్తుందండీ! 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టాక దిగొచ్చి, నేను పెట్టిన రివ్యూ తీసేస్తే సగం డబ్బులిస్తాం అన్నారు. తియ్యలేదు. డబ్బా విప్పేటప్పుడు, మొదటి ట్యూబ్ పిండేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, నా కంప్లయింట్‌కి పనికొచ్చింది అదొక్కటే.

మొన్న చూస్తే ఆ షాపు పేజీ లేదు. అదే డబ్బా, అదే ఫొటో, వేరే పేరుతో, రివ్యూలు సున్నా, "లాంచ్ ఆఫర్" అట.