పిండానికి టెస్టు చేయించాలా, గ్రేడ్ చూసి పెట్టించుకోవాలా: ఏది మేలు?

ఐవీఎఫ్‌లో ఐదో రోజు ల్యాబ్ నుంచి వచ్చే ఫోన్ కోసం కూర్చున్నవాళ్లకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాకప్పుడు 31 ఏళ్లు. "రెండు బ్లాస్టోసిస్టులు వచ్చాయి మేడమ్. ఒకటి 4ఏబీ, ఇంకోటి 4బీబీ" అన్నారు. బ్లాస్టోసిస్ట్ అంటే ఐదారు రోజులు పెరిగిన పిండం. ఆ మధ్యాహ్నమే కౌన్సెలర్ ఇంకో కాగితం ముందు పెట్టింది. "పీజీటీ-ఏ చేయిస్తే సక్సెస్ రేటు పెరుగుతుందండీ, ఇప్పుడందరూ చేయించుకుంటున్నారు" అంది. పిండంలో క్రోమోజోముల సంఖ్య చూసే పరీక్ష అది. సంతకం పెట్టేశాం. మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. ఒకటి అబ్‌నార్మల్, రెండోది మొజాయిక్, అంటే కొంత సరిగ్గా, కొంత తేడాగా ఉన్నది. గర్భంలో పెట్టడానికి ఏమీ లేదన్నారు. మళ్లీ మొదటి నుంచి ఇంజెక్షన్లు.

అదే పరీక్ష మా పిన్ని కూతురు చేయించుకుంటానంటే మాత్రం "చేయించుకో అక్కా" అని నేనే చెప్పాను. తనకి 40 ఏళ్లు, అప్పటికే రెండు అబార్షన్లు, వాటంతట అవే గర్భం పోయినవి. నాకు వద్దనిపించింది తనకెందుకు మేలనిపించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు గ్రేడ్ సంగతి. ల్యాబ్ వాళ్లిచ్చే ఫొటోలో బ్లాస్టోసిస్ట్ సగం ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంటుంది. చుట్టూ పారదర్శకమైన పొర, లోపల ఒక పక్కన తెల్లని ముద్ద. ఆ ముద్ద బిడ్డవుతుంది, చుట్టూ ఉన్న పొర నుంచి మాయ (ప్లాసెంటా) తయారవుతుంది. 1 నుంచి 6 వరకు వేసే అంకె, పిండం ఎంత విచ్చుకుందో చెబుతుంది. మొదటి అక్షరం ముద్దకి, రెండోది పొరకి; ఏ అంటే మేలు, సీ అంటే తక్కువ. 1999లో గార్డ్‌నర్, స్కూల్‌క్రాఫ్ట్ ప్రతిపాదించిన ఈ పద్ధతినే ఇప్పటికీ చాలా ల్యాబులు వాడుతున్నాయి. దీనివల్ల పిండానికి ఏ హానీ లేదు, ఖర్చు కూడా విడిగా ఉండదు. సగటున చూస్తే మంచి గ్రేడ్ పిండాలే ఎక్కువగా నిలుస్తాయి. లోపం ఏమిటంటే ఇది కంటితో వేసే మార్కు. ఒకరు ఏ ఇచ్చినదానికి ఇంకొకరు బీ ఇవ్వొచ్చు. పైగా లోపలి క్రోమోజోములు కంటికి కనపడవు.

అక్కకి నాలుగు బ్లాస్టోసిస్టులు వచ్చాయి. అన్నిటికంటే అందంగా ఉన్న 4ఏఏ పీజీటీ రిపోర్టులో అబ్‌నార్మల్. నార్మల్ అని వచ్చింది ఒక్క 4బీసీ. గ్రేడ్ మాత్రమే చూసి ఉంటే దాన్ని ఆఖరికి తోసేసేవారు.

పీజీటీ-ఏలో లేజర్ సాయంతో మాయ అయ్యే పొర నుంచి ఐదు నుంచి పది కణాలు తీసి, వాటిలో క్రోమోజోముల సంఖ్య సరిగ్గా ఉందో లేదో చూస్తారు. ఫలితం వచ్చేదాకా పిండాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఫ్రీజ్ చేసి ఉంచుతారు. ఫీజు చాలాచోట్ల ఒక్కో పిండానికి ఇంత అని విడిగా కట్టాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పరీక్ష పిండాన్ని బాగుచేయదు. ఉన్నవాటిలో ఏది ముందు పెట్టాలో, ఏది పెట్టకూడదో మాత్రమే చెబుతుంది. ఎన్ని మంచి పిండాలున్నాయన్నది పరీక్షకి ముందే తేలిపోయిన విషయం.

అందుకే "సక్సెస్ రేటు పెరుగుతుంది" అనగానే, దేని మీద లెక్కేసి చెబుతున్నారని అడగాలి. ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భంలో పెట్టడం) దాకా వచ్చినవాళ్ల మీద లెక్కిస్తే అంకె బాగానే కనపడుతుంది. రిపోర్టు వచ్చాక పెట్టడానికి ఏమీ మిగలని నాలాంటివాళ్లు ఆ లెక్కలోకే రారు. అండాలు తీసిన ప్రతి మనిషినీ లెక్కలో పెట్టి, చివరికి బిడ్డ పుట్టిందా అని అడిగితే కథ వేరు.

2021లో చైనా నుంచి వచ్చిన పెద్ద పరిశోధన దాదాపు అలా అడిగినదే. 20 నుంచి 37 ఏళ్ల లోపు స్త్రీలు 1,212 మంది, అందరికీ మంచి బ్లాస్టోసిస్టులు కనీసం మూడు. పరీక్ష చేయించిన గుంపులో 77.2 శాతం మందికి, గ్రేడ్ చూసి పెట్టిన గుంపులో 81.8 శాతం మందికి బిడ్డ పుట్టింది. గర్భం పోవడం మాత్రం పరీక్ష వైపు తగ్గింది: 12.6 శాతానికి బదులు 8.7. వయసులో ఉండి, పిండాలు బాగున్నవాళ్లకి పరీక్ష ఇచ్చేది అదనపు బిడ్డని కాదు, ఒక అబార్షన్ తప్పే అవకాశాన్ని. అదేం చిన్న విషయం కాదు, అక్కని చూశాక ఆ మాట అనలేను. కానీ నాకు అమ్మింది ఆ మాట చెప్పి కాదు.

2019లో వచ్చిన స్టార్ అనే పరిశోధనలో 25 నుంచి 40 ఏళ్ల వాళ్లు 661 మంది ఉన్నారు. గర్భం నిలిచినది పరీక్ష వైపు 50 శాతం, గ్రేడ్ వైపు 46. చెప్పుకోదగ్గ తేడా కాదు. 35 నుంచి 40 మధ్య వాళ్లని విడదీసి చూస్తే మాత్రం 51, 37. ఇది ఫలితాలు వచ్చాక విడదీసిన లెక్క, కాబట్టి పూర్తి రుజువు అనలేం. అయినా కారణం తెలిసినదే. ఇరవైల చివర్లో పిండాల్లో మూడో వంతు దాకా క్రోమోజోముల తేడా ఉంటే, నలభై దాటేసరికి సగానికి పైనే. ఏరాల్సిన చెత్త ఎక్కువైనప్పుడే ఏరినందుకు ఫలితం.

మొజాయిక్ అంటే తీసిన కణాల్లో కొన్ని సరిగ్గా, కొన్ని తేడాగా ఉన్నట్టు కనిపించడం. పొరలో ఒక మూల తీసిన కణాలు మొత్తం పిండానికి, అందులోనూ బిడ్డయ్యే ముద్దకి, అద్దం పట్టాలని లేదు. 2015లో ఇటలీ వైద్యులు అలాంటి పిండాలనే 18 మందికి పెట్టారు. ఆరుగురికి ఆరోగ్యమైన బిడ్డలు పుట్టారు. ఈ సంగతి నాకు చెప్పి, నిర్ణయం నాకు వదిలేసి ఉండాల్సింది.

టైమ్‌ల్యాప్స్ ఇంక్యుబేటర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పిండం పెరుగుదలని కెమెరా నిమిషాల తేడాతో ఫొటోలు తీస్తుంది. ల్యాబ్‌కి సౌకర్యమే. కానీ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, 1,575 మందిని చూస్తే, బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదు. దానికని విడిగా డబ్బు అడిగితే కట్టకండి. పిండం ఫొటోలు చూసి కంప్యూటర్ వేసే ఏఐ స్కోరు కూడా అంతే. 1,066 మంది మీద చూసిన పరిశోధనలో గర్భం నిలిచినది ఏఐ ఎంపికతో 46.5 శాతం, మామూలు గ్రేడ్‌తో 48.2. ఏఐ పని చాలా త్వరగా అయింది, నిజమే. ఆ మిగిలిన సమయం ల్యాబ్‌ది.

మన దేశంలో ఇంకో విషయం ఉంది. పిండం ఆడో మగో రిపోర్టులో చెప్పకూడదు, అడగనూ కూడదు. లింగ నిర్ధారణని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం ఇలాంటి పరీక్షకి కారణం ఉండాలి: 35 దాటిన వయసు, రెండో అంతకుమించో అబార్షన్లు, కుటుంబంలో జన్యు వ్యాధి లాంటివి. నా ఫారంలో ఏ కారణం రాశారో నేను ఆ రోజు అడగనే లేదు.

నా మట్టుకు నేను ఇలా చెబుతాను. 35 లోపు వయసు, ఒకటో రెండో పిండాలు, ఇదివరకు అబార్షన్లు లేవు అంటే గ్రేడ్ చూసి పెట్టించుకోండి. 38 దాటి మూడు నాలుగు బ్లాస్టోసిస్టులు చేతిలో ఉన్నా, పదేపదే గర్భం పోతున్నా పీజీటీ-ఏ డబ్బుకి తగినదే. ఆ మధ్య వయసువాళ్లు పిండాల సంఖ్య తెలిశాకే నిర్ణయించుకోండి, తొందరపెట్టినా సరే. దంపతుల్లో ఎవరికైనా తలసీమియా లాంటి జన్యు సమస్య ఉంటే దానికి చేసే పరీక్ష పీజీటీ-ఎం, అది పూర్తిగా వేరే విషయం.

అక్కకి ఆ 4బీసీ ట్రాన్స్‌ఫర్ వచ్చే నెల. నార్మల్ అన్న పిండం కూడా పదిలో నాలుగైదు సార్లు నిలవదని డాక్టర్ ముందే చెప్పారు. అది విని అక్క "పోనీలేవే, ఇంకో అబార్షన్ భయం కొంచెం తగ్గింది, అది చాలు" అంది.

నాకు రెండో సైకిల్‌లో మూడు వచ్చాయి, పరీక్ష లేకుండా పెట్టించుకున్నాం, రెండో ట్రాన్స్‌ఫర్‌కి పాప. ఆ మొజాయిక్ పిండం ఇంకా ఫ్రీజ్‌లోనే ఉంది. ఏటా రెన్యువల్ ఫారం వస్తుంది. "ఉంచాలా, తీసేయాలా" అన్న చోట ప్రతిసారీ ఉంచమనే టిక్కు పెడుతున్నాను.