మే నెలలో ఇద్దరమే: అరకా, మారేడుమిల్లా?

ఎండాకాలంలో మేమిద్దరం కారేసుకుని రెండు చోట్లకీ వెళ్లాం. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కాఫీ తోటల నీడ, గాలికొండ దగ్గర చల్లగాలి, దారిలోనే బొర్రా గుహలు. కానీ సెలవుల్లో జనం ఎక్కువ, పార్కింగ్‌కే టెన్షన్.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. చల్లదనంలో అరకుకు సాటిరాదు, మేలో వాగులూ సన్నబడతాయి. అయినా నాకు అదే ఇష్టం. చింతూరు వైపు ఘాట్‌లో రెండు పక్కలా అడవి ఒత్తుగా ఉంటుంది, ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం. రోడ్డు పక్కన నిప్పుల మీద బొంగులో చికెన్ ఉడికేదాకా ఆయనా నేనూ చెట్టు కింద కూర్చుని, ఎన్నాళ్లకో తీరిగ్గా మాట్లాడుకున్నాం. పిల్లల్ని కూడా తీసుకెళ్తే మాత్రం అరకే సుఖం.